కంచు గిన్నెకి చుట్టం

మొన్న లైనింగు గుడ్డ కోసం జగ్గయ్యపేట వెళ్లా. బజార్లో పాత్రల కొట్టు షట్టరు సగానికి దించి ఉంది. పైన ఫ్లెక్సీ. దండ వేసిన ఫొటో, కింద పేరు, పెద్దకర్మ ఫలానా రోజు అని. ఆవిడ పేరు చదవటం నాకదే మొదటిసారి. ఆ కొట్టు మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో, ఒక్కసారైనా పేరు అడిగిన పాపాన పోలా. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవగా నేను వినలేదు. బజారు మొత్తానికి మామ్మగారే, నాకూ మామ్మగారే.

ఫ్లెక్సీలో ఫొటో మాత్రం నాకు నచ్చలా. బుగ్గలకి రంగు పూసి, వెనక మబ్బులు పెట్టి, అన్నీ తెలిసిన మనిషిలాగా నిలబెట్టారు. మామ్మగారి మొహంలో ఆ చూపు నేనెప్పుడూ చూళ్లేదు. ఆవిడ నోట్లో ఇరవై నాలుగ్గంటలూ ఆడే మాట ఒకటే. "తెలియదు."

అదేదో వినయం అనుకునేరు. అబ్బే! గద్దించినట్టు అనేది. వయసులో పెద్ద, కొట్టు పెద్దది, పైగా కోమటింటి ఆడపడుచు. అయినా సిగ్గూ ఎగ్గూ లేకుండా "నాకు తెలియదు, కూర్చో" అనేది. ఆ మాట అన్నాకే ఆవిడ పని మొదలయ్యేది.

ఒకసారి నా ముందే ఒకాయన సంచిలోంచి కొమ్ముచెంబు తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. "మా తాతలనాటిదండీ, యాంటిక్కు. ఎంతొస్తుంది?" అన్నాడు.

"తెలియదు. ఏ ఊరు?"

"వీరులపాడండి."

"నిన్ను కాదయ్యా, చెంబుని అడుగుతున్నా!"

మామ్మగారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి, చూపుడువేలు మడిచి, కణుపుతో చెంబు పొట్ట మీద టంగుమని ఒక దెబ్బ వేసింది. చెవి ఆనించి కళ్లు మూసుకుంది. ఆ కాసేపు కొట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. సరిగ్గా అప్పుడే ముక్త్యాల సిమెంటు లారీ ఒకటి బయట హారన్ కొట్టింది. "నీ హారను తగలెయ్య!" అని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

మనుషుల్నైనా అంతే. కొత్తవాళ్లు మెట్లెక్కితే ఏం కావాలని అడగదు. ఏ ఊరు, ఎవరి తాలూకు, మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడ? ఓట్లడగటానికి వచ్చినవాళ్లని కూడా అట్లాగే కూర్చోబెట్టి చుట్టరికాలు లాగింది. "మనిషెవరో తెలియకపోతే మనిషి చుట్టాలెవరో కనుక్కోవాలి. వస్తువుకైనా అదే సూత్రం" అనేది. వాళ్లబ్బాయి పక్కన కాటా దగ్గర కూర్చుని, ఫోన్లో లోహాల రేట్లు చూసుకుంటూ, తల్లి వంక చూసి నవ్వుకునేవాడు.

ఆవిడతో నాకు పరిచయం ఎట్లా అయిందో చెప్పాలంటే మా ఇంటి గోల కొంత చెప్పాలి.

నందిగామలో నాకు జాకెట్లు కుట్టే కొట్టుంది. మా ఆయన డ్రమ్స్ వాయిస్తాడు. పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రా పెట్టించే రోజుల్లో మాఘమాసం వస్తే మనిషి ఇంట్లో కనపడేవాడు కాదు. తర్వాత డీజేలొచ్చాయి. ముహూర్తాలు అవే, పెళ్లిళ్లు అవే, ఈయనకి మాత్రం పిలుపు లేదు. రెండేళ్లు ఎదురుచూశాక, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని ఉందని మా బాబాయి చెబితే ఒకటో తారీఖు నుంచి చేరతానని ఒప్పుకున్నాడు. పని చేసుకుంటే తప్పేముంది, తిండి పెట్టే పనే. కానీ ఒప్పుకున్నరోజు నుంచీ మనిషి మాట్లాడటం మానేశాడు. నేను అరిస్తే అరవడు, కూర బాగాలేకపోతే బాగాలేదనడు. ఇరవయ్యేళ్లు మోగిన మనిషి అట్లా చప్పుడు లేకుండా తిరుగుతుంటే నాకు భయమేసింది.

డ్రమ్స్ అమ్మేశాడు. బెజవాడ నుంచి వచ్చినాయన డ్రమ్ములూ స్టాండ్లూ వ్యానులో వేసుకుని, రెండు తాళాలు మాత్రం వదిలేశాడు. డ్రమ్స్ పక్కన స్టాండు మీద పళ్లెంలాగా వేలాడతాయే, పుల్లతో కొడితే ఝమ్మంటాయే, అవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నల్లగా మసిబారి, అంచుల్లో చిలుం పట్టి ఉన్నాయి. నడిమి గుబ్బ కింద సగం చెరిగిపోయిన నల్లటి అక్షరాలేవో ఉన్నాయి, ఏ భాషో తెలియదు. "ఈ మార్కు నేనెప్పుడూ చూళ్లేదు. తుక్కు కింద ఇస్తానంటే పట్టుకుపోతా" అన్నాడాయన. మా ఆయన ఇవ్వలా. లోపలికి తెచ్చి గోడ మేకుకి తగిలించాడు.

అదీ మొదలు. అన్నం తింటూ వాటి వంకే చూపు, కాఫీ తాగుతూ వాటి వంకే చూపు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్లో వెతికితే అచ్చం అట్లాంటివే విదేశాల్లో లక్షలు పలుకుతున్నాయి. "అమ్మేద్దాం. కనీసం ఆ చూపన్నా తప్పుద్ది" అన్నా. "నీ ఇష్టం. అవీ పోతే ఇంక పుల్లలు పట్టుకోను" అన్నాడు. ఆ నెలంతటికీ ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

జగ్గయ్యపేట పాత్రల కొట్లో పాత కంచూ ఇత్తడీ చూసి చెప్పే పెద్దావిడ ఉందని ఎవరో చెప్పారు. పొద్దున్నే వెళ్దామని లేచి చూద్దునుగదా, పెరట్లో రెండు తాళాలూ తళతళమని మెరిసిపోతున్నాయి! మా అత్తయ్య తెల్లారుజామునే లేచి, చింతపండూ ఇటుకపొడీ వేసి, పీచు అరిగేదాకా తోమి, కడిగి, బోర్లించి, నడినెత్తిన పసుపూ కుంకుమా కూడా పెట్టింది.

"ఏం చేశారత్తయ్యా!"

"పరాయివాళ్ల గడపకి మసి గిన్నె పంపిస్తే మన పరువేం కావాలే?" అంది ఆవిడ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

అక్షరాలు పోయాయి. ఒక్కటంటే ఒక్క గీత మిగల్లేదు. ముందు ఫొటో తీసుకోవాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలా. మా ఆయన వచ్చి చూశాడు, వేలితో గుబ్బ కింద రాసి చూశాడు, లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది. అత్తయ్య మొహం చిన్నబోయింది.

ఆ మెరిసే తాళాలు దుప్పట్లో చుట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లా. మామ్మగారు విప్పింది, వాసన చూసింది.

"చింతపండు. ఎవరు తోమారు?"

"మా అత్తయ్యండి."

"మంచి చెయ్యి. మూల మూలలా తోమింది. నా కొంప ముంచింది" అంది. "పెళ్లిచూపులకి పిల్లని తెస్తూ మొహం నిండా పౌడరు కొట్టి తెస్తే రంగేం తెలుసుద్దమ్మాయ్? పాత వస్తువు మసితోనే మాట్లాడుద్ది. దీని ఇంటిపేరు కడిగేసి తెచ్చారు." కాసేపు తిట్టి, తర్వాత అడిగింది. "ఏంటివి? నాకు తెలియదు. ఎప్పుడూ చూళ్లా."

చెప్పా. డ్రమ్ముల గురించీ, సిమెంటు ఫ్యాక్టరీ గురించీ, గోడ మేకు గురించీ, వద్దనుకుంటూనే అంతా చెప్పా. ఆవిడ అట్లా వినేది.

"వాయించే మనిషేడి?"

"ఇంట్లో ఉన్నాడండి. రాడు."

"మనిషి లేకుండా వస్తువొక్కదాన్నే చూసి ఏం చెప్పను? తీసుకురా పో. రాకపోతే నాకు తెలియదు!"

ఆదివారం నాడు అరిచి గీపెట్టి బస్సెక్కించా. అలిగిన అల్లుడిలాగా వచ్చి కొట్లో ఓ మూల నిలబడ్డాడు. మామ్మగారు ఎగాదిగా చూసింది.

"ఎన్నేళ్లబ్బాయ్ వీటితో?"

"ఇరవయ్యేళ్లండి."

"ఏ ఊరివి?"

"తెలియదండి. మా గురువుగారిచ్చారు. ఆయనకెక్కడివో నేనడగలా."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇరవయ్యేళ్లు కాపురం చేసి ఏ ఊరి పిల్లో కూడా అడగలేదా?"

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. మా ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత, ఏమైందో ఏమో, ఆయన కూడా నవ్వాడు. నేను పక్కకి తిరిగి కళ్లొత్తుకున్నా.

"ఊ, మాట్లాడించు" అంది మామ్మగారు. పెద్ద తాళానికి గుబ్బ మధ్య చిల్లులోంచి తాడు కట్టి, కొట్టు మధ్యలో బిందెలు వేలాడే కొక్కేనికి తగిలించారు. పుల్లలు తేలేదు. మామ్మగారు గల్లా కింద నుంచి పప్పుగుత్తి తీసిచ్చింది. ఆయన పప్పుగుత్తి కాడతో అంచు మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

నేనూ ఇరవయ్యేళ్లు విన్నా ఆ చప్పుడు, స్టేజీ మీద, మైకుల్లో. ఆ కొట్లో విన్నట్టు ఎప్పుడూ వినలా. ఝుమ్మని లేచి కొట్టంతా నిండింది. అరల్లో ఉన్న గిన్నెలన్నీ గుంయ్‌మన్నాయి. స్టీలువి జిల్లుమని ఊరుకున్నాయి. ఇత్తడి బిందెలు కాసేపు మూలిగి ఆగిపోయాయి. మామ్మగారు లేచింది. మోకాళ్ల నొప్పులు, ఎవరొచ్చినా లేవని మనిషి. అరల వెంబడి ఒక్కో గిన్నె మీద అరచెయ్యి పెట్టుకుంటూ నడిచింది, జ్వరం చూస్తున్నట్టు. చివరికి గల్లా పక్కన పీట మీద ఆగింది. ఆవిడ మధ్యాహ్నం పెరుగన్నం తినే పాత కంచు గిన్నె అక్కడ ఉంది. అందరూ ఆగిపోయినా అది ఇంకా పలుకుతూనే ఉంది.

"మళ్లీ కొట్టు" అంది. కొట్టాడు. మళ్లీ అదే. చివరిదాకా పలికింది ఆ గిన్నె ఒక్కటే.

"ఇది కంచు" అంది మామ్మగారు. "ఇత్తడి కాదు, ఇంకోటి కాదు, అసలైన కంచు. ఈ గిన్నె మా పుట్టింటిది, పెనుగంచిప్రోలు నుంచి నాతో వచ్చింది." తాళాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఆపి, దాని వంక చూసి, "అయితే నువ్వు మా పుట్టింటివైపు దానివన్నమాట" అంది.

తర్వాత చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుంది. దూది తీసుకుని అంచు వెంట మెల్లగా తిప్పింది. ఒకచోట దూది పోగు చిక్కుకుంది. వంచి చూస్తే వెంట్రుకంత పగులు. మా ఆయన మొహం పాలిపోయింది. "అందుకే ఈ మధ్య గరగరలాడుతోంది. నా చెయ్యే పోయిందనుకున్నా" అన్నాడు. ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు చూడండి!

"చెయ్యికేం కాలేదులే. పగులు కొసన చిన్న చిల్లు పెడితే అక్కడితో ఆగుద్ది. లేకపోతే కొట్టినప్పుడల్లా ముందుకి పాకుద్ది. గుళ్లో గంటలకీ అంతే చేస్తాం" అని, కొడుకుని కేకేసి వెనక షెడ్డులో డ్రిల్లుతో చిల్లు పెట్టించింది. చిల్లు పెడుతున్నంతసేపూ మా ఆయన నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. మా అమ్మాయికి ముక్కు కుట్టించినప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలా.

ఇంక ఉండబట్టలేక అడిగేశా. "ఎంతొస్తుందండీ?"

తుక్కు రేటు వాళ్లబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. నెల సరుకులకి కూడా రాదు.

"మోగే వస్తువు కింద అయితేనండీ?"

"తెలియదు."

"మరి ఎవరికి తెలుసు?"

"దీని ఊరివాళ్లకి తెలుసు. పోయి కనుక్కోండి. తెలియని వస్తువు నేను కొనను. పైగా పుట్టింటివైపు చుట్టాన్ని కరిగించమంటావా నన్ను?" అని కసిరి, మా ఆయన వైపు తిరిగింది. "ఇరవయ్యేళ్లకన్నా అడుగబ్బాయ్, ఏ ఊరో."

అడిగాడు. మర్నాటి నుంచీ తిరుగుడే తిరుగుడు. గురువుగారింటికి వెళ్తే, ఎప్పుడో బెజవాడలో ఎత్తేసిన సర్కసు బ్యాండు వాళ్ల దగ్గర ఆయన తీసుకున్నారని ఇంట్లోవాళ్లు చెప్పారు. పాత బ్యాండువాళ్లని పట్టుకున్నాడు, వాళ్లు ఇంకొకళ్ల పేరు చెప్పారు. చప్పుడు ఫోన్లో రికార్డు చేసి తెలిసినవాళ్లందరికీ పంపించాడు. చివరికి మద్రాసులో డ్రమ్ములు బాగుచేసే ఒకాయన రెండు మూడుసార్లు కొట్టించుకుని విని చెప్పాడట. చేత్తో సుత్తిదెబ్బలు వేసి చేసినవి, విదేశాలవి, చాలా పాతవి. టర్కీయో ఇటలీయో ఖాయంగా చెప్పలేను. ఆ ముద్ర ఉండుంటే కొనేవాళ్లు ఎగబడేవాళ్లు. ముద్ర లేదు కాబట్టి బజార్లో ఎవరూ కొనరు. వాయించుకోటానికి మాత్రం ఇంతకన్నా మంచివి దొరకవు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తయ్య కూలబడింది. "నా చేతులు పడిపోను! లక్షల సొమ్ము బూడిదపాలు చేశాను గదరా!"

మా ఆయన ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నువ్వు తోమబట్టే మిగిలాయమ్మా. మార్కు ఉంటే నీ కోడలు ఈపాటికి అమ్మేసేది" అన్నాడు.

నాకు కోపం రాలా. నిజమే మరి, అమ్మేసేదాన్నే!

తాళాల ఊరు కోసం తిరిగినప్పుడు కలిసినవాళ్లలో కంచికచర్ల కుర్రాళ్ల జట్టు ఒకటుంది. ఊరేగింపులో డీజే బండి పక్కనే నడుస్తూ లైవ్ డ్రమ్స్ వాయిస్తారు, ఇప్పుడు పెళ్లిళ్లలో అదే మోజు. ఈయన ఏదో తెలుసుకుందామని వెళ్లి తాళం మోగిస్తే, ఆ జట్టు నడిపే అబ్బాయి మోగినంతసేపూ విని, "అన్నా, ఇది తీసుకుని మాతో రావూ?" అన్నాడట. ఒకటో తారీఖు పొద్దున ముక్త్యాల బస్సు ఎక్కాల్సిన మనిషి తాళాలు భుజాన వేసుకుని కంచికచర్ల బస్సెక్కాడు. మా బాబాయి నా మీద ఎగిరిపడ్డాడు. నేను ఆపలా. ఏం, నాకు కుట్టుమిషను లేదూ? ఆ సీజనంతా మిషను మీదే గడిచింది. తర్వాత సీజనుకి మళ్లీ మనిషి ఇంట్లో కనపడటం మానేశాడు. కూర బాగాలేకపోతే ఇల్లెగిరేలా అరుస్తున్నాడు. అరవనివ్వండి!

అప్పట్నుంచి జగ్గయ్యపేట వెళ్లినప్పుడల్లా మామ్మగారి దగ్గర ఆగేదాన్ని. నా క్షేమం తర్వాత. "మా పుట్టింటివైపు వాళ్లెట్లా ఉన్నారమ్మాయ్?" అని ముందు తాళాల సంగతి అడిగేది. పోయిన వేసవిలో మా ఆయన్ని వెంటబెట్టుకుని, పెద్ద తాళం కూడా పట్టుకెళ్లా. అప్పటికే ఆవిడకి చెవులు బొత్తిగా వినపడటం లేదు. మేం ఏమన్నా "ఆఁ?" అంటోంది. ఎన్ని గిన్నెలు విన్న చెవులు! నాకు దుఃఖం ఆగలా. మా ఆయన తాళాన్ని అదే కొక్కేనికి తగిలించి కొట్టాడు. మామ్మగారు కంచు గిన్నె ఒళ్లోకి తీసుకుని దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. చప్పుడు పూర్తిగా పోయేదాకా తియ్యలా.

"వినపడలేదు గానీ, చేతికి తెలిసింది" అంది. ఆవిడ నోట 'తెలిసింది' అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

మొన్న ఫ్లెక్సీ చూసి లైనింగు గుడ్డ కొనకుండానే తిరుగుబస్సు ఎక్కేశా. ఇంటికొచ్చేసరికి వసారాలో చెవిటికల్లు నుంచి వచ్చిన బ్యాండాయన కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య ఇట్లాంటివాళ్లు వస్తున్నారు, ఈయనకి పాత తాళాల సంగతి తెలుసని. తువ్వాల్లో చుట్టి తెచ్చిన తాళం ఒకటి చాప మీద ఉంది, నల్లగా, చిలుం పట్టి. "ఇది ఎంత చేస్తదన్నా? అమ్మేద్దామనుకుంటున్నా" అంటున్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడి చెప్పా. "మామ్మగారు పోయింది."

మా ఆయన తలెత్తి నా వంక చూశాడు. కళ్లు తుడుచుకుని, చాప మీద తాళాన్ని రెండు చేతుల్తో తీసి ఒళ్లో పెట్టుకుని, గుబ్బ కింద వేలితో మెల్లగా తడిమాడు.

"ఎంత చేస్తదో తెలియదు తమ్ముడూ" అన్నాడు. "ఏ ఊరు?"

"చెవిటికల్లు..."

"నిన్ను కాదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎట్లా పెట్టుకోవాలో తెలియక కొంగు అడ్డం పెట్టుకున్నా. ఇంతలో మా అత్తయ్య గబగబా వంటింట్లోకి వెళ్లింది. ఇంకేముంది, చింతపండు నానబెడుతుందనుకున్నా. "అత్తయ్యా, వద్దు!" అని అరవబోయా. ఆవిడ చింతపండు తేలా. అటక మీద నుంచి తీసిన తన కంచు పళ్లెం కొంగుతో దుమ్ము దులుపుకుంటూ వచ్చి, చాప మీద ఆ తాళం పక్కనే పెట్టి కూర్చుంది.

"ఇది మా పుట్టింటిది" అంది. "కొట్టరా అబ్బాయ్. చుట్టమేమో చూద్దాం."